ఎండాకాలం ఘాట్ మీద ఎయిర్ కంప్రెసర్ మాడిపోతోంది, చల్లబరిచే దారి చెప్పండి

జగ్గయ్యపేట లోడు:

అందరికీ నమస్కారం. నాది 14 టైర్ల లారీ, సొంత బండి, నేనే నడుపుతాను. జగ్గయ్యపేట చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో సిమెంటు ఎక్కించుకుని విజయనగరం, సాలూరు మీదుగా కోరాపుట్, జయపురం వైపు దింపుతాను. పాత 43 నంబరు హైవే, ఆ రోడ్డు తెలిసిన వాళ్ళు ఇక్కడ చాలామందే ఉంటారు.

నా ఇబ్బంది ఎయిర్‌తో, అంటే బ్రేకుల కోసం కంప్రెసర్ నొక్కి ట్యాంకుల్లో నింపే గాలితో. చలికాలంలో అసలు తెలియలేదు, మార్చి దాటాక మొదలైంది. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు ఎయిర్ గేజ్ 8 బార్ దగ్గరే ఉంటుంది. కోరాపుట్ దాటి జయపురం దిగేటప్పుడే గుండె జారుతోంది. నిండు లోడు, మలుపు మలుపుకీ బ్రేకు. ముల్లు 8 నుంచి 6కి, అక్కణ్ణుంచి 5కి పడిపోతుంది, తిరిగి ఎక్కమంటే ఎక్కదు. మొన్న ఒక వంపు దగ్గర బజర్ మోగింది. ఎడం పక్కన కాస్త జాగా కనబడితే అక్కడ ఆపి, చక్రాలకి రాళ్ళు వేసి, క్యాబిన్ ఎత్తి చూశాం. కంప్రెసర్ దగ్గరికి చెయ్యి పోనివ్వడం లేదు. హెడ్‌లోంచి వచ్చే డెలివరీ పైపు మీద క్లీనర్ కుర్రాడు సీసాలో నీళ్ళు రెండు చుక్కలు వేస్తే చుయ్యిమని ఎగిరిపోయాయి. కాలిన ఆయిల్ కంపు. చల్లారాక ట్యాంకుల కింద డ్రెయిన్ లాగితే నల్లటి నీళ్ళు, వేళ్ళకి జిగురుగా అంటుకునే ఆయిల్.

ఒక షెడ్డులో చూపిస్తే కంప్రెసర్ హెడ్ విప్పి రింగులు, వాల్వు ప్లేటు, గాస్కెట్లు మార్చారు. కొన్నాళ్ళు బాగుంది. ఎండ ముదిరేసరికి మళ్ళీ మొదటికొచ్చింది. ఇప్పుడు ఒకాయన కంప్రెసర్ మీదికి చిన్న ఫ్యాను పెట్టమంటున్నాడు, ఇంకొకాయన కంప్రెసరే పెద్దది రెండు సిలిండర్లది వెయ్యమంటున్నాడు. ఖర్చుకి వెనకాడను, కానీ పని తెలిసిన వాళ్ళ మాట విని పెడదామని ఆగాను. కంప్రెసర్‌ని చల్లగా ఉంచాలంటే ఏం చెయ్యాలి?


రాత్రి డ్యూటీ:

అన్నా, మా వైపు ఎండాకాలం గోనె సంచి తడిపి కంప్రెసర్ మీద, పైపు మీద చుడతారు. టీకి ఆగినప్పుడల్లా మళ్ళీ నీళ్ళు పొయ్యాలి. కొందరు డెలివరీ పైపు మధ్యలో కోసి రబ్బరు హోసు కలిపి పొడుగు చేస్తారు, పైపు పొడుగైతే గాలి చల్లబడుతుందని. చేసి చూడు.


ఆటోనగర్ బ్రేక్ షెడ్డు:

తమ్ముడూ, బెజవాడ ఆటోనగర్‌లో ఎయిర్ బ్రేకుల పనే నా పని. మిగతాదంతా తర్వాత చెప్తాను గానీ, బజర్ మోగిన బండిని ఇది తేలేదాకా ఘాట్ ఎక్కించకు. ఆ లోడు ఇంకెవరికైనా ఇచ్చెయ్. ఎయిర్ పోయినా వెనక బ్రేకు చాంబర్లలో స్ప్రింగు ఉంది, బండి దానంతటదే ఆగుతుందిలే అని చాలామంది ధైర్యం. ఆగుతుంది. ఎక్కడ ఆగాలన్నది మాత్రం నీ చేతిలో ఉండదు. దిగుడు వంపులో వెనక చక్రాలు పట్టేస్తే సిమెంటు లోడుతో బండి ఎటు తిరుగుతుందో ఊహించుకో.

గోనె సంచి వద్దు. పై తమ్ముడు మంచి మనసుతోనే చెప్పాడు, దారిలో చాలామంది చేసేదే అది. కానీ ఆ హెడ్ పోత ఇనుము. బాగా కాగి ఉన్నప్పుడు ఒక పక్క చన్నీళ్ళు తగిలితే చీలుతుంది. చీలిక నీళ్ళ గదికీ సిలిండరుకీ మధ్య వచ్చిందంటే కూలెంటు ఎయిర్ ట్యాంకుల్లోకి పోతుంది, ఇటు ఎయిర్ రేడియేటర్‌లోకి తన్నుతుంది. రబ్బరు హోసు ఇంకా ప్రమాదం. హెడ్‌లోంచి బయటపడే గాలి దాదాపు 200 డిగ్రీలుంటుంది. మామూలు రబ్బరు ఆ వేడికి లోపల పొరలు పొరలుగా ఊడి దారి మూసేస్తుంది, లేదా పగిలిపోతుంది. హెడ్ దగ్గర ఇనప పైపో రాగి పైపో ఉండాలి, వంగాల్సిన చోట స్టీలు అల్లిక ఉన్న టెఫ్లాన్ హోసు ఉండాలి.

ఇక నీ ప్రశ్న. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, దాన్ని మనం ఆపలేం. 27 డిగ్రీల గాలిని 8 బార్‌కి నొక్కితే, చల్లార్చేదేదీ లేకపోతే, లెక్క ప్రకారం 289 డిగ్రీలవుతుంది. హెడ్ చుట్టూ ఇంజిన్ కూలెంటు తిరుగుతుంది కాబట్టి అంత దాకా పోదు. అదే కంప్రెసర్ 47 డిగ్రీల గాలి పీలిస్తే ఆ లెక్క 326కి పోతుంది. లోపలికి 20 పెరిగితే బయటికి 37 పెరిగింది చూశావా. చలికాలంలో దాగి ఉన్న జబ్బు మార్చిలో బయటపడింది అందుకే. అంటే జబ్బు ముందు నుంచీ ఉంది, ఎండ దాన్ని చూపించింది.

నేను షెడ్డుకొచ్చిన ప్రతి ఓనరుకీ చెప్పేది ఒకటే. కంప్రెసర్‌ని చల్లబరచాలంటే ముందు దానికి విశ్రాంతి ఇవ్వాలి. లారీ కంప్రెసర్ ఆగి ఆగి నొక్కేలా తయారైంది. ట్యాంకులు నింపాలి, కటౌట్ అవ్వాలి, అంటే నొక్కడం ఆపాలి, తర్వాత ఖాళీగా తిరగాలి. బండి నడిచే సమయంలో పావు వంతు నొక్కితే, మూడొంతులు ఖాళీగా తిరుగుతూ ఆ వేడి వదిలించుకోవాలి. లీకేజీ ఉన్న బండిలో దానికి ఆ తీరిక దొరకదు. పొద్దున స్టార్టు చేసింది మొదలు రాత్రి దాకా నొక్కుతూనే ఉంటుంది. గేజ్ మాత్రం 8 చూపిస్తుంది, డ్రైవరు బాగుందనుకుంటాడు. నువ్వు సుంకి ఎక్కేటప్పుడు జరుగుతున్నది అదేనని నా అనుమానం. అప్పుడు బ్రేకు తొక్కవు, ఇంజిను గట్టిగా తిరుగుతోంది, కంప్రెసర్ లీకుని పూడుస్తూ ముల్లుని 8 దగ్గర నిలబెడుతోంది. ఆ ఎక్కుడంతా మాడి మాడి, కోరాపుట్ దాటి నిజంగా గాలి కావాల్సి వచ్చేసరికి దానికి సత్తువ ఉండదు.

కాబట్టి ఫ్యాను, పెద్ద కంప్రెసర్ మాట పక్కన పెట్టి లీకు చూడు. హైవే మీద నున్నగా పోతూ బ్రేకు, క్లచ్చు ముట్టుకోకుండా ఉన్నప్పుడు గాలిలో తేమ తీసే డ్రయర్ ఎంతసేపటికోసారి కటౌట్ దగ్గర బుస్సుమంటోందో చెవి పెట్టు. లీకు లేని బండిలో చాలా నిమిషాలకి గానీ ఆ చప్పుడు రాదు. నిమిషానికోసారి బుస్సుమంటుంటే గాలి ఎక్కడో పోతున్నట్టు. అసలు బుస్సే రాకపోతే మరీ కష్టం, కటౌటే అవ్వడం లేదన్నమాట.

తర్వాత చదును నేల మీద చక్రాలకి చెక్కలు వేసి, గాలి నిండా పట్టించి, ఇంజిను ఆపి, హ్యాండ్ బ్రేకు వదిలి గేజ్ చూడు. అమెరికాలో లారీ లైసెన్సు పరీక్షకి ఒక లెక్క ఉంది: ట్రేలర్ లేని బండికి బ్రేకు తొక్కకుండా నిమిషానికి 2 పీఎస్‌ఐ, తొక్కి పట్టుకుంటే 3 పీఎస్‌ఐ మించి పడకూడదు. మన గేజ్‌లో 2 పీఎస్‌ఐ అంటే 0.14 బార్, కంటికి ఆనదు. అందుకని అయిదు నిమిషాలు చూడు. 0.7 కంటే ఎక్కువ పడితే ఆ బండి రోడ్డెక్కకూడదు. నేనైతే అందులో సగం పడినా వదలను.

ఈ పరీక్ష లోడు మీద, లిఫ్ట్ యాక్సిల్, అంటే ఖాళీ బండిలో పైకెత్తే ఇరుసు, కిందికి దింపి చెయ్యాలి. ఈ ముక్క ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, షెడ్డుకి బండ్లు ఖాళీగా వస్తాయి, లిఫ్ట్ యాక్సిల్ పైకెత్తి ఉంటుంది. దాన్ని కిందికి నొక్కి పట్టే బెల్లోసులో, అంటే గాలి నింపే రబ్బరు తిత్తిలో, అప్పుడు గాలే ఉండదు. దాని జాయింటు కారుతున్నా ఏ మేస్త్రికీ కనబడదు. లోడెక్కాక యాక్సిల్ దించగానే కారడం మొదలు. 12, 14 టైర్ల బండ్లలో నేను పట్టుకున్న దొంగ లీకుల్లో ఎక్కువ అక్కడివే. సబ్బు నురగ ముందు అక్కడ రాయించు. ఆ తర్వాత గాలితో పనిచేసే క్లచ్ బూస్టరు, ఎగ్జాస్ట్ బ్రేకు సిలిండరు, సీటు, చివరికి ప్రెషర్ హారన్ లైను.

లీకు పోయాక వేడి బయటికెళ్ళే దారులు చూద్దాం. మొదటిది నీళ్ళు. కంప్రెసర్ హెడ్‌కి కూలెంటు తెచ్చే పైపు, తిరిగి తీసుకెళ్ళే పైపు, రెండూ సన్నగా ఉంటాయి. దారిలో రేడియేటర్‌కి బోరు నీళ్ళు పోసే అలవాటుంటే ముందు మూసుకుపోయేది ఆ సన్న దారే. తెల్లగా కట్టే ఆ సున్నపు పొర పోత ఇనుముతో పోలిస్తే ఇరవయ్యో వంతు వేడిని కూడా సరిగ్గా పోనివ్వదు. పైపులు విప్పి ఊది చూడు, ధార ఎంత లావు వస్తోందో చూడు. రేడియేటర్ దగ్గర ఇంజిను వేడి మామూలుగా ఉందని ఇక్కడ కూడా నీళ్ళు తిరుగుతున్నాయనుకోవద్దు. నీళ్ళు మార్చాక ఆ హెడ్‌లో గాలి బుడగ ఇరుక్కున్నా అంతే, తీసెయ్యాలి.

రెండోది డెలివరీ పైపు. దాన్ని అందరూ గాలిని ఇక్కణ్ణుంచి అక్కడికి చేర్చే గొట్టం అనుకుంటారు. కూలెంటే 85, 90 డిగ్రీలుంటే హెడ్‌లో గాలి అంతకంటే ఎలా చల్లబడుతుంది? మిగతా వేడంతా వదిలేది ఆ పైపే, దాని రేడియేటర్ అదే అనుకో. గాలి డ్రయర్‌లోకి పోయే చోట 65 లోపల ఉండాలి. అందుకే కంపెనీ దాన్ని అంత పొడుగు, అంత లావు పెడుతుంది. ఇంజినుకి రిపేరు చేసినప్పుడెల్లా క్లాంపు ఊడిపోయి, ఆ పైపు ఎగ్జాస్ట్ మానిఫోల్డు పక్కకో టర్బో పక్కకో జరిగి ఉంటుంది. చల్లబడాల్సింది పోయి అక్కడ వేడి తాగుతుంది. అది ఏ దారిన పోతోందో కళ్ళతో చూడు. బండి కదిలితే గాలి తగిలే చోట ఉండాలి.

నీ బండిలో ఆ పైపు లోపల కార్బన్ కట్టి ఉంటుందని దాదాపు ఖాయంగా చెప్తున్నాను. కాలిన ఆయిల్ కంపు, ట్యాంకులో నల్ల నీళ్ళు అన్నావు కదా. 200 దాటిన చోట ఆయిల్ ఆవిరి మాడి వాల్వు ప్లేటు మీద, హెడ్ బయట మొదటి ఎల్బోలో, అంటే పైపు మడత ముక్కలో, పొరలుగా పట్టేస్తుంది. దారి సన్నబడితే హెడ్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడికి వేడి, ఆ వేడికి ఇంకాస్త కార్బన్. డ్రయర్‌లోనే అన్‌లోడర్ (గాలిని బయటికి వదిలే వాల్వు) ఉన్న బండ్లలో కటౌట్ అయ్యాక కూడా కంప్రెసర్ ఆ పైపులోంచే గాలిని తోసి బయటికి వదలాలి. పైపు మూసుకుపోతే విశ్రాంతి సమయంలో కూడా దానికి బరువే. రింగులు, కిట్టు మార్చి ఆ పైపు పాతదే బిగిస్తే కొన్నాళ్ళకి మళ్ళీ వస్తుంది. నీకు జరిగింది అదే.

ఇంకోటి, ఎన్ని బార్ దగ్గర కటౌట్ అవ్వాలో పెట్టే గవర్నరు స్క్రూ ఎవరైనా తిప్పారేమో చూడు. బ్రేకు బాగా పడుతుందని 8 నుంచి 10కి పెంచే వాళ్ళున్నారు. పైన చెప్పిన లెక్కలోనే 8ని 10 చేస్తే ఇంకో 33 డిగ్రీలు కలుస్తాయి. కంపెనీ పెట్టిన దగ్గరికి తిప్పెయ్.

వేడి కొలిచే గన్ను ఒకటి సంపాదించు, ఇప్పుడు చవకగానే దొరుకుతున్నాయి. హెడ్ బయట పైపు మొదట్లో, డ్రయర్‌లోకి పోయే ముందు, ఈ రెండు చోట్ల కొలిచి రాయి. మెరిసే రాగి మీద అది తప్పు చూపిస్తుంది, తక్కువ చెప్తుంది. ఆ రెండు చోట్లా వేడికి ఓర్చుకునే నల్ల పెయింటు చుక్క పెట్టి, ఆరాక దాని మీద కొట్టు.


దమ్మామ్ ట్రేలర్:

అన్నా, మాది జగిత్యాల దిక్కు, సౌదీల ట్రేలర్ నడుపుతున్న. ఈడ ఎండకాలం ఎట్లుంటదో మీకు ఎర్కే. మేస్త్రి గారు చెప్పినయన్ని కరెక్టే, ఒక్కటి నేను కలుపుత. కంప్రెసర్ గాలి ఏడికెళ్ళి పీలుస్తున్నదో చూడు. ఎయిర్ ఫిల్టర్ తర్వాతి పైపుకెళ్ళి ఒక చిన్న రబ్బరు హోసు కంప్రెసర్‌కి వస్తది గదా, అది పాతబడితే మెత్తగైతది. బండి నిలబెట్టి చూస్తే మంచిగనే కనబడ్తది. ఇంకొకర్ని క్యాబిన్ల కూసోబెట్టి రేసు ఇయ్యమని, నువ్వు దాన్నే చూసుకుంట నిలబడు. గాలి గుంజేటప్పుడు హోసు చప్పగా అతుక్కపోతది. నా బండికి గట్లనే అయింది.

గాలి దొరక్కపోతే సిలిండర్ల వాక్యూమ్ అయితది, రింగుల పక్కకెళ్ళి ఇంజిన్ ఆయిల్ని పైకి గుంజుకుంటది. నీ ట్యాంకిల ఆయిల్ గందుకే వస్తుండొచ్చు. నువ్వు సిమెంటు కొడ్తవు గదా, ఫిల్టర్ జల్ది నిండుతది. మాకు ఇసుకతోని అదే బాధ. ఇంకొకటి, ఆ హోసు క్లిప్పు ఊడి ఇంజిన్ పక్క వేడి గాలి పీలుస్తుందా అన్నది సుత చూడు. అట్ల పీలిస్తే వేడితోని పాటు దుమ్ము గూడ సిలిండర్లకే పోతది.


జగ్గయ్యపేట లోడు:

మేస్త్రి గారూ, జగిత్యాల అన్నా, ఇద్దరికీ దండాలు. ఒప్పుకున్న లోడు వేరే బండికి ఇచ్చేశాను. మా బావమరిది గోడౌను దగ్గర సిమెంటు లోడుతోనే బండి నిలబెట్టి మీరు చెప్పినట్టు చూశాం.

లిఫ్ట్ యాక్సిల్ ఎత్తి ఉంచితే అయిదు నిమిషాలకి ముల్లు దాదాపు కదల్లేదు. దించి చూస్తే అదే అయిదు నిమిషాల్లో 8 నుంచి 6.5కి వచ్చింది. నాకు ఒళ్ళు జలదరించింది. సబ్బు నురగ రాస్తే కుడి పక్క బెల్లోసుకి పోయే నైలాన్ పైపు ఫిట్టింగు దగ్గర బుడగ పిడికిలంత ఊరింది. పైపు చివర ఏటవాలుగా కోసి గుచ్చి ఉంది. నిటారుగా కోసి, కొత్త ఫిట్టింగు వేశాం. క్లచ్ బూస్టరు దగ్గర కూడా కాస్త ఉంది, దానికి కిట్టు తెప్పిస్తున్నాను.

లీకు ఆపక ముందు హైవే మీద కొంత దూరం నడిపి వేడి కొలిచాను. హెడ్ దగ్గర 188, డ్రయర్ ముందు 97. ఆపాక అదే దారిలో అదే మధ్యాహ్నం వేళ కొలిస్తే 161, 78. ఇంకా 65కి రాలేదు. పైపు విప్పడం, నీళ్ళ దారి చూడటం మిగిలి ఉన్నాయి. పైపు ఎలాగూ విప్పుతున్నాం కదా, కొత్తది కాస్త పొడుగ్గా చుట్టలాగా చుట్టించి పెట్టుకోవచ్చా? కొన్ని బస్సుల్లో అలా చూశాను.


గరాజ్ పాత మనిషి:

బాబూ, నేను ఆర్టీసీ డిపో గరాజ్‌లో పనిచేసి రిటైరయ్యాను. చుట్ట పెట్టుకోవచ్చు, కానీ ఎలా పెడతావన్నదే ముఖ్యం. స్ప్రింగుని నేల మీద నిలబెట్టినట్టు నిలువుగా ఉంటే పైన దూరిన గాలి, నీళ్ళు, ఆయిల్ అన్నీ మలుపు మలుపుకీ కిందికే జారతాయి. అదే చుట్టని పడుకోబెట్టి బిగించావనుకో, ప్రతి మలుపు అడుగునా ఒక పల్లం. అక్కడ నీళ్ళూ ఆయిలూ నిలిచి, వేడికి చిక్కబడి, కార్బన్ పట్టడానికి అదే చోటవుతుంది. హెడ్ నుంచి డ్రయర్ దాకా పైపు ఎక్కడా పైకి లేవకూడదు, వాలుగా దిగుతూనే పోవాలి. లోపలి లావు కంపెనీది ఎంతో అంతే ఉండాలి, పొడుగు పెంచితే ఇంకాస్త లావు పెట్టినా మంచిదే గానీ తగ్గకూడదు. ఎల్బోలు పెట్టించకు, పెద్ద వంపు తిప్పించు. ఇంజిను అదురుకి రాగి పైపు విరుగుతుంది, క్లాంపులు దగ్గర దగ్గరగా వెయ్యాలి.

డ్రయర్ ముందు 65 అని మేస్త్రి గారు ఎందుకన్నారో చెప్తాను. 60 డిగ్రీల గాలి ఘనపు మీటరుకి 130 గ్రాముల దాకా నీటి ఆవిరి మోస్తుంది, 30 డిగ్రీల గాలి 30 గ్రాములు. గాలి వేడిగా ఉంటే ఆ తేమంతా ఆవిరిగానే డ్రయర్ దాకా వచ్చేస్తుంది, డ్రయర్‌లోని గింజలు వేడి మీద దాన్ని సరిగ్గా పీల్చవు. ట్యాంకులోకి పోయి అక్కడ చల్లబడి నీళ్ళవుతుంది. నువ్వు డ్రెయిన్‌లో చూసింది అదే. దారిలోనే చల్లబడితే నీళ్ళు పైపులోనే విడిపోయి డ్రయర్ అడుగు నుంచి బుస్సుమన్నప్పుడల్లా బయటికి పోతాయి.

కంప్రెసర్ పై పొర కూడా చూడు. సిమెంటు బండ్ల మీద ఒకటి గమనించాను. దుమ్ము ఆయిల్ తడికి అంటుకుని సిలిండరు రెక్కల మధ్య మందంగా పట్టేస్తుంది, వానలో తడిసి గట్టిపడితే రెక్కలే కనబడవు. ఇంజిను పూర్తిగా చల్లారాక చెక్క పుల్లతో, డీజిల్ బ్రష్షుతో తీయించు. ఇనప స్క్రూడ్రైవరు పెట్టి కొడితే రెక్క విరుగుతుంది.


జగ్గయ్యపేట లోడు:

పైపు విప్పాం. హెడ్ బయట ఎల్బోలోకి క్లీనర్ కుర్రాడు పెన్సిల్ పెట్టబోతే మొన కూడా దూరలేదు. గోడౌను పక్కన వెల్డింగు షాపులో ఎల్బోని నిలువునా కోయించి చూశాను. లోపల గోడ చుట్టూ నల్లగా, రాయిలా గట్టిగా పొర మీద పొర. మధ్యలో పక్కకి ఒరిగిన చిన్న కంత, అగ్గిపుల్ల పట్టేంత. ఇంత బండీ, అంత లోడూ ఆ కంతలోంచి వచ్చే గాలి మీద జయపురం ఘాట్ దిగిందని తలుచుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ముక్క క్యాబిన్‌లోనే పెట్టుకున్నాను, యూనియన్ ఆఫీసులో అందరికీ చూపిస్తున్నాను. మీ బండ్లు కూడా విప్పి చూసుకోండి, ఎండ ఇంకా ఉంది.

నీళ్ళ దారిలో తిరిగొచ్చే పైపు జాయింటు దగ్గర సున్నం కట్టింది, సగానికి పైగా మూసుకుపోయింది. శుభ్రం చేయించి, కూలెంటు కంపెనీ చెప్పిన పాళ్ళలో కలిపి పోయించాను. ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేశాను. పీల్చే హోసు రేసు ఇచ్చినప్పుడు జగిత్యాల అన్న చెప్పినట్టే లోపలికి గుంజుకుంటోంది, అదీ మార్చాను. గవర్నరు స్క్రూ ఎవరూ ముట్టుకోలేదు, 8 దగ్గరే కటౌట్ అవుతోంది. డెలివరీ పైపు కొత్తది, పాత లావే, ఎల్బో తీసేసి పెద్ద వంపు, వాలుగా. చుట్ట వెయ్యలేదు, జాగా సరిపోలేదు.

నిన్న మధ్యాహ్నం లోడుతో నందిగామ దాకా వెళ్ళి వచ్చాను. హెడ్ దగ్గర 139, డ్రయర్ ముందు 57. బ్రేకు ముట్టుకోకుండా పోతుంటే డ్రయర్ బుస్సుమనడం కోసం ఎదురుచూడాల్సి వస్తోంది. మేస్త్రి గారూ, ఇక ఘాట్ ఎక్కించొచ్చా? ఫ్యాను, పెద్ద కంప్రెసర్ అక్కర్లేదు కదా?


ఆటోనగర్ బ్రేక్ షెడ్డు:

ఆ ఎల్బో ముక్క చూపిస్తున్నావు చూడు, చాలా మంచి పని చేస్తున్నావు తమ్ముడూ. నేను నోటితో ఎంత చెప్పినా పైపు విప్పని ఓనర్లు దాన్ని చూస్తే విప్పుతారు.

ఫ్యాను అక్కర్లేదు. పెద్ద కంప్రెసర్ అసలే వద్దు. లీకు ఉన్న బండికి పెద్దది వేస్తే లీకు కనబడకుండా పోతుంది, అంతే. పైగా దాని గేరు, నీళ్ళ దారి, ఆయిల్ దారి, పైపు లావు అన్నీ కంపెనీ ఈ ఇంజినుకి ఇచ్చిన జతే అయ్యుండాలి.

ఘాట్ ఎక్కించే ముందు ఇంకా పని ఉంది. ఇన్నాళ్ళూ వేడి గాలి, ఆయిల్ తాగిన డ్రయర్ కార్ట్రిడ్జ్ (గింజలుండే డబ్బా) పనికిరాదు, మార్చెయ్. విరిగిన కార్బన్ ముక్కలు డ్రయర్ అడుగున బుస్సుమనే వాల్వు సీటు మీద కూర్చుంటాయి, అక్కడ కారుడు మొదలైతే మళ్ళీ కంప్రెసర్‌కి తీరిక ఉండదు. అది విప్పించి తుడిపించు. దాని కింద సైలెన్సరు మట్టితో మూసుకుపోయిందేమో కూడా చూపించు. క్లచ్ బూస్టరు కిట్టు వచ్చిందా? అది వెయ్యకుండా లీకు పని అయిపోయినట్టు కాదు.

ఆ తర్వాత ట్యాంకులన్నీ డ్రెయిన్ చేసి, ఒక్కో చాంబరు లైను విప్పి లోపల ఆయిల్ తడి ఉందో లేదో చూడండి. తడి ఉంటే డయాఫ్రం చేత్తో నొక్కి చూడు. ఇంజిన్ ఆయిల్ తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, ఘాట్ మీద గట్టిగా తొక్కినప్పుడే చిరుగుతుంది. కాలి కింద బ్రేకు వాల్వు లోపల రబ్బర్లూ అంతే, తొక్కి వదిలాక గాలి బయటికి పోవడం ఆలస్యమవుతోందంటే దానికీ కిట్టు వెయ్యాలి. ఈ పనికి ఖర్చవుతుంది, ఒక రోజు బండి నిలుస్తుంది. నిలవనివ్వు.

ఇవన్నీ అయ్యాక మొదటిసారి పొద్దున్నే చల్లటి వేళ సాలూరు దాటు. కోరాపుట్‌లో ఆగి హెడ్ దగ్గరా డ్రయర్ ముందూ కొలిచి, జయపురం దిగే ముందు గాలి నిండా పట్టించుకుని, ఎక్కిన గేరులోనే, ఎగ్జాస్ట్ బ్రేకు మీద దిగు. ముల్లు 6.5 కంటే కిందికి వస్తే ఆపెయ్, అక్కణ్ణుంచి నాకు రాయి. దిగాక డ్రెయిన్‌లో ఏం వచ్చిందో తెల్ల గుడ్డ మీద పట్టి ఫోటో పెట్టు.